లెక్క ఎవరికి చెప్పాలి?: ఉపాధిహామీ బహిరంగ దత్తాంశం, సామాజిక తనిఖీ – ఒక విమర్శ

వ్యాససంగ్రహం: ప్రభుత్వ ఆదాయవ్యయాల వివరాలను అందరికీ అందుబాటులో ఉంచితే పారదర్శకత దానంతటదే సిద్ధిస్తుందన్న అభిప్రాయం ఇటీవలి పరిపాలనాశాస్త్ర రచనల్లో బలంగా కనిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి సాగిన ఉపాధిహామీ సామాజిక తనిఖీల అనుభవాన్నీ, అదే పథకం వెబ్‌సైటులోని దత్తాంశాన్నీ పక్కపక్కన పెట్టి ఆ అభిప్రాయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. లెక్కలో పేరున్న మనిషి ఆ లెక్కను కాదనగలిగే అవకాశం, కాదన్న మాట నమోదయ్యే చోటు లేనప్పుడు దత్తాంశం తెరిచి ఉన్నా బహిరంగం కాదన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: బహిరంగ దత్తాంశం, ఆర్థిక పారదర్శకత, సామాజిక తనిఖీ, ఉపాధిహామీ, మస్టర్, పౌరభాగస్వామ్యం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో లెక్కను ‘చెప్తారు’, ‘అప్పజెప్తారు’. వినేవాడూ పుచ్చుకునేవాడూ లేకుండా ఈ రెండు క్రియలూ పూర్తికావు. ఎదుటిమనిషిని ఖాతరు చేయకపోతే ‘లెక్కచేయలేదు’ అంటాం. నమ్మదగని అంకెలను ‘కాకిలెక్కలు’ అంటాం. భాషలోని ఈ చుట్టరికాన్ని బట్టి చూస్తే లెక్క అన్నది అంకెల పట్టిక మాత్రమే కాదు, ఇద్దరి మధ్య ఉన్న బాధ్యత కూడా. ప్రభుత్వ ఆర్థిక దత్తాంశాన్ని ప్రజలకు తెరిచి ఉంచడం గురించి గత రెండు దశాబ్దాల్లో జరిగిన చర్చలో మొదటి అర్థానికి దక్కినంత శ్రద్ధ రెండోదానికి దక్కలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 1984లో ఆ పదవులు రద్దయ్యేదాకా గ్రామంలో లెక్క కరణం సొత్తు. తెలంగాణలో పట్వారీ సొత్తు. అడంగల్, చిట్టా ఊళ్లోనే ఉండేవి. అయినా వాటిని చదవగలిగినవాళ్లు చాలా తక్కువ. కరణం గురించి సుమతీశతకంలోకి ఎక్కిన హెచ్చరికల వెనుక ఉన్నది ఒక కులం మీదో ఉద్యోగం మీదో ద్వేషం మాత్రమే అనుకోనక్కరలేదు. లెక్క రాయడం వచ్చినవాడికీ, ఆ లెక్కలో తన భూమి ఉన్నవాడికీ మధ్య ఉన్న దూరం అందులో ధ్వనిస్తుంది. దస్తావేజు కంటికి ఎదురుగా ఉండడం వేరు, దాన్ని ప్రశ్నించగలగడం వేరు అన్న సంగతి మన గ్రామాలకు కంప్యూటర్లు రాకముందే తెలుసు.

నేటి బడ్జెట్ సంపుటాలకూ ఇదే వర్తిస్తుంది. శాసనసభలో ఆర్థికమంత్రి ప్రసంగం తెలుగులో, తరచు ఒక పద్యంతోనో కవితాచరణంతోనో అలంకృతమై ఉంటుంది. ఖర్చు మాత్రం సంకేతసంఖ్యల్లో నడుస్తుంది. 2202 సాధారణ విద్య. 2210 వైద్యం, ప్రజారోగ్యం. ప్రధాన పద్దు కింద వచ్చే మూడంకెల పద్దుల్లో 789 షెడ్యూల్డు కులాలకు ప్రత్యేకించిన నిధిని, 796 గిరిజన ఉపప్రణాళికను తెలుపుతాయి. ఉపప్రణాళికకు చట్టబద్ధత కావాలని కోరిన దళిత, గిరిజన సంఘాలకు ఈ రెండు సంఖ్యలు అక్షరాభ్యాసం వంటివి. కేటాయింపు ఎంత, ఖర్చు ఎంత, ఆ ఖర్చు నిజంగా తమకోసమేనా అని అడగడానికి పట్టు అక్కడ దొరికింది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది. సంపుటాలు అంతకు ముందూ తెరిచే ఉన్నాయి. వాటిని ఫలానా ప్రయోజనంతో చదివేవారు కొత్తగా వచ్చారు.

2. ఎనిమిది సూత్రాలు, ఒక ఉపవిభాగం

2007 డిసెంబరులో కాలిఫోర్నియాలోని సెబాస్టపోల్‌లో కొందరు సమావేశమై ప్రభుత్వ బహిరంగ దత్తాంశానికి ఎనిమిది లక్షణాలు నిర్దేశించారు. దత్తాంశం సంపూర్ణంగా ఉండాలి, మూలరూపంలో ఉండాలి, సకాలంలో రావాలి, అందుబాటులో ఉండాలి, యంత్రం చదవగలిగేలా ఉండాలి, వివక్ష లేకుండా అందరికీ దక్కాలి, ఏ ఒక్కరి సొంత సాంకేతికతకూ కట్టుబడకూడదు, అనుమతిపత్రాల చిక్కు ఉండకూడదు. ఆ తరువాత ప్రపంచంలో వచ్చిన అనేక విధానపత్రాలపై ఈ సూత్రాల నీడ ఉంది. మనదేశంలో 2012 నాటి జాతీయ దత్తాంశ విధానం, 2016 నాటి తెలంగాణ బహిరంగ దత్తాంశ విధానం ఈ ఆలోచనాధారకు చెందినవే.

వీటి విలువను తక్కువ చేయనక్కరలేదు. కాగితాన్ని ఫొటో తీసి పెట్టిన వంద పుటల పత్రంలోంచి ఒక్కొక్క అంకెనూ చేత్తో ఎక్కించుకున్న పరిశోధక విద్యార్థి ఎవరైనా యంత్రపఠనీయత విలువను ఒప్పుకుంటారు. అయినా ఈ ఎనిమిదింటిలో భాష ప్రస్తావన లేదు. యంత్రం చదవాలన్న సూత్రం ఉంది కాని మనిషి చదవాలన్న సూత్రం లేదు. ‘వివక్ష లేకుండా’ అన్నదానికి వారిచ్చిన అర్థం, పేరు నమోదు చేసుకోమని అడగకుండా ఎవరికైనా ఇవ్వడం. అక్షరం రానివారు, ఇంగ్లీషు రానివారు ఆ ‘ఎవరికైనా’లో ఉన్నారో లేరో తేలదు.

దీనికి రెండేళ్ల ముందే వచ్చిన మన సమాచారహక్కు చట్టం ఈ విషయంలో ఎక్కువ దూరం ఆలోచించింది. దాని నాలుగో విభాగం ప్రతి ప్రభుత్వ సంస్థా తన బడ్జెట్ కేటాయింపులను, సబ్సిడీ పథకాల అమలు వివరాలను ఎవరూ అడగకుండానే వెల్లడించాలంటుంది. అదే విభాగంలోని నాలుగో ఉపవిభాగం ఆ వెల్లడి ఎలా ఉండాలో చెప్తుంది: స్థానిక భాషను, ఆ ప్రాంతంలో జనానికి బాగా చేరే పద్ధతిని దృష్టిలో పెట్టుకోవాలి. వ్యాప్తిచేయడం అంటే ఏమిటో వివరిస్తూ నోటీసు బోర్డులను, వార్తాపత్రికలను, బహిరంగ ప్రకటనలను ఇంటర్నెట్‌తో సమానంగా పేర్కొంది. మన పల్లెల్లో టముకు వేయించడం కూడా చట్టప్రకారం వెల్లడి కిందికే వస్తుందన్నమాట. ఈ ఉపవిభాగాన్ని మన పాలనాయంత్రాంగం దాదాపు మరిచిపోయింది. విమర్శకులు కూడా తరచు మరిచిపోతుంటారు.

ఈ భావన గాలిలోంచి పుట్టలేదు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరులో కోట్‌కిరానాలో మొదటి జనసునవాయి జరిపింది. పనుల బిల్లులను, మస్టర్లను ఊరివాళ్ల ముందు చదివి వినిపించారు. ‘మా సొమ్ము, మా లెక్క’ అన్న వారి నినాదంలో దత్తాంశం అన్న మాట లేదు. కాగితం, గొంతు, ఆ కాగితంలో పేరున్న మనిషి ఒకేచోట ఉండడమే ఆ పద్ధతికి ప్రాణం.

3. చదివి వినిపించిన మస్టర్

ఉపాధిహామీ చట్టం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో అమల్లోకి వచ్చింది. దాని పదిహేడో విభాగం పనులపై సామాజిక తనిఖీ చేసే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. చాలా రాష్ట్రాల్లో అది సర్పంచి సంతకంతో ముగిసే తంతుగా మిగిలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మాత్రం అదే ఏడాది నుంచి దాన్ని ఒక క్రమబద్ధమైన పనిగా చేపట్టింది. 2009లో అందుకోసం ప్రత్యేకంగా ఒక సొసైటీని నెలకొల్పింది. రాష్ట్రవిభజన తరువాత రెండు రాష్ట్రాల్లోనూ వేర్వేరు సంస్థలు ఆ పనిని కొనసాగించాయి. ప్రభుత్వం తన లెక్కను తానే ప్రశ్నించే ఏర్పాటు చేసుకోవడం అరుదైన విషయమే. తనిఖీ చేసేవారికి నిధులు, రక్షణ, రికార్డులు ఇచ్చేదీ ప్రభుత్వమే కావడంతో ఈ ఏర్పాటుకు మొదటినుంచీ ఒక పరిమితి ఉంది. అది తరువాత చూద్దాం.

పద్ధతి ఇది. మండలంలోని మస్టర్లు, కొలతల పుస్తకాలు, చెల్లింపుల పత్రాలు తనిఖీ బృందానికి అందుతాయి. కూలీల కుటుంబాలకు చెందిన చదువుకున్న యువతీయువకులను గ్రామ తనిఖీదారులుగా ఎంపికచేసి, కొద్దిరోజుల శిక్షణ ఇచ్చి, సాధారణంగా సొంతూరు కాని గ్రామాలకు పంపుతారు. వాళ్లు ఇంటింటికీ వెళ్లి ‘ఫలానా వారం ఫలానా చెరువు పూడికతీతలో మీరు ఆరు రోజులు పనిచేసినట్టు, ఇంత కూలి తీసుకున్నట్టు ఇక్కడ ఉంది, నిజమేనా?’ అని అడుగుతారు. జవాబు రాసుకుని సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. పని జరిగిన చోటికి వెళ్లి టేపుతో కొలుస్తారు. గ్రామసభలో చదువుతారు. చివరకు మండలకేంద్రంలో ప్రజావేదిక జరుగుతుంది. అధికారుల ముందు ఒక్కొక్క ఆరోపణనూ చదువుతారు, కూలీ నిలబడి చెప్తారు, ఫీల్డ్ అసిస్టెంటో సాంకేతిక సహాయకుడో బదులు చెప్పాలి.

ఈ వరుసలో కీలకమైన క్షణం ఇంటి గడపలో అడిగిన ఆ ప్రశ్నదే. మస్టర్‌లో ఒక వాక్యం ఎప్పుడూ ప్రథమపురుషలోనే ఉంటుంది: ఆమె పనిచేసింది, ఆమెకు డబ్బు ముట్టింది. తనిఖీదారు దాన్ని మధ్యమపురుషలోకి మారుస్తాడు: మీరు పనిచేశారా? జవాబు ఉత్తమపురుషలో వస్తుంది: నేనా నెలలో మా అమ్మగారి ఊళ్లో ఉన్నానయ్యా. చనిపోయినవారి పేర్లు, వలసపోయినవారి పేర్లు, పాస్‌పుస్తకం తన దగ్గర లేని మనిషి పేరుతో తీసిన డబ్బు, అంతా ఈ పురుషమార్పిడిలోనే బయటపడింది. వ్యాకరణం మనకు తెలిసిన విషయం కనుక ఇలా చెప్తున్నాను. ఇది అలంకారం కాదు. దత్తాంశం మారలేదు, దాన్ని ఎవరితో మాట్లాడటానికి వాడారన్నది మారింది. అదే మస్టర్ వెబ్‌సైటులో ఉన్నప్పుడు జిల్లాపేరు, మండలంపేరు, పంచాయతీపేరు ఎంచుకుంటూ దాన్ని చేరుకోగల పరిశోధకుడికి అందులో తప్పు కనపడదు. చనిపోయిన మనిషి పేరు బతికున్న మనిషి పేరు లాగే ఉంటుంది.

పారదర్శకతను సమర్థించేవారు తరచు ఉదాహరించే ఉగాండా కథను ఇక్కడ గుర్తుచేసుకోవచ్చు. 1991–95 మధ్య ప్రాథమిక పాఠశాలలకు చేరాల్సిన గ్రాంటులో సగటున 13 శాతమే చేరిందని రైనిక్కా, స్వెన్సన్ అనే పరిశోధకులు తేల్చారు. తరువాత ప్రభుత్వం ఆ వివరాలను పత్రికల్లో ప్రకటించడం మొదలుపెట్టాక అది 80 శాతం దాటిందని రాశారు. పత్రికాప్రకటన ఒక్కటే ఇంత పని చేసిందా అని 2007లో పాల్ హబ్బర్డ్ సందేహించాడు. అదే కాలంలో ఆర్థిక నిర్వహణలోనూ విద్యావ్యవస్థలోనూ పెద్ద మార్పులు వచ్చాయని ఆయన చూపాడు. ప్రకటనకు ఫలితాన్ని ఆపాదించేటప్పుడు ఈ జాగ్రత్త అవసరం.

4. ‘జాప్యం’ అనే గడి

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి వెబ్‌సైటులోని దత్తాంశం వృథా అనుకుంటే అది తొందరపాటు. దాని బలం తెలియాలంటే కూలి చెల్లింపుల జాప్యం గురించిన వివాదాన్ని చూడాలి. మన పరిశోధనా పత్రికల్లో దీనికి రావలసినంత చోటు రాలేదని నా అభిప్రాయం.

చట్టప్రకారం మస్టర్ ముగిసిన పదిహేను రోజుల్లో కూలి అందాలి. పదహారో రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం చెల్లించాలి. వారానికి 1,200 రూపాయల కూలికి అది రోజుకు 60 పైసలు. చెల్లింపుకు రెండు దశలు ఉన్నాయి. మొదటిది, మండల స్థాయిలో పనుల వివరాలు నమోదై నిధుల బదిలీ ఉత్తర్వు తయారయ్యేదాకా. రెండోది, ఆ ఉత్తర్వు మీద కేంద్రం నుంచి డబ్బు కదిలి కూలీ ఖాతాలో పడేదాకా. వెబ్‌సైటులో ‘జాప్యం’ అన్న శీర్షిక కింద ఉన్న అంకె మొదటి దశకు సంబంధించినది మాత్రమే. ఉత్తర్వు సంతకం కాగానే లెక్కలో జాప్యం ఆగిపోతుంది. కూలీ బ్యాంకు చుట్టూ తిరుగుతూనే ఉంటుంది.

దీన్ని బయటపెట్టినవారు ఆ వెబ్‌సైటు దత్తాంశాన్నే వాడారు. రాజేంద్రన్ నారాయణన్, సకీనా ధోరాజీవాలా, రాజేశ్ గోలానీ అనే పరిశోధకులు 2016–17కు సంబంధించి పది రాష్ట్రాల నుంచి 90 లక్షలకు పైబడిన చెల్లింపులను దింపుకుని, ఒక్కొక్క చెల్లింపులో ఉత్తర్వు తేదీని, డబ్బు జమ అయిన తేదీని పోల్చారు. రెండు తేదీలూ దత్తాంశంలోనే ఉన్నాయి. వాటి మధ్య దూరానికి మాత్రం పేరు లేదు. వారు ఆ దూరాన్ని కొలిచారు. 2018 మే 18న స్వరాజ్ అభియాన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు రెండో దశ జాప్యానికీ ప్రభుత్వం బాధ్యత వహించవలసిందేనని చెప్పింది. దాని తరువాత కూడా ఆ పరిహారాన్ని లెక్కగట్టడం ఆచరణలో స్థిరపడలేదు.

సాహిత్యవిమర్శలో పనిచేసేవారికి ఈ ఉదంతం పరిచితంగానే తోచాలి. ఒక పదానికి రచయిత ఇచ్చిన నిర్వచనాన్ని అంగీకరించి చదివితే ఒక అర్థం వస్తుంది. అదే పాఠంలోని ఇతర ఆధారాలతో ఆ నిర్వచనాన్ని నిలదీస్తే మరొకటి వస్తుంది. ప్రభుత్వ పట్టికలో శీర్షిక అమాయకమైనది కాదు. ‘జాప్యం’ అన్న మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో నిర్ణయించినవారు, ఆలస్యానికి ఎవరు బాధ్యులో కూడా నిర్ణయించారు. దత్తాంశం తెరిచి ఉన్నందువల్లనే ఈ విమర్శ సాధ్యమైంది, అది నిజం. తేదీలన్నీ మూలరూపంలో, యంత్రం చదవగలిగేలా లేకపోతే ముగ్గురు పరిశోధకులు ఆ పని చేయలేరు. సెబాస్టపోల్ సూత్రాలకు ఇంతకంటే మంచి సమర్థన నాకు కనపడదు.

అయితే ఈ దూరపఠనం దేన్ని చూడలేదో కూడా గమనించాలి. తేదీల మధ్య దూరాన్ని అది పట్టుకుంది. చేయని పనికి సకాలంలో డబ్బు పడితే దాన్ని పట్టుకోలేదు. గడప దగ్గరి ప్రశ్న దాన్ని పట్టుకుంటుంది, కాని రెండో దశ జాప్యం దేశవ్యాప్తంగా ఒక పద్ధతి ప్రకారం జరుగుతోందని ఒక మండలంలోని తనిఖీదారు చెప్పలేడు. రెండు రకాల చదువరులూ ఒకరికొకరు కావాలి. విధానపత్రాలు మొదటివారినే ‘వినియోగదారు’గా ఊహించుకుంటాయి.

5. ఫొటోకు ఫొటో

2023 జనవరి 1 నుంచి వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా అన్ని పనుల్లో కూలీల హాజరును మొబైల్ యాప్‌లోనే నమోదు చేయాలన్నారు. రోజుకు రెండుసార్లు పనిచోట ఫొటో తీసి, అది ఎక్కడ తీసినదో తెలిపే గుర్తుతో పంపాలి. ఆ ఫొటోలు వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. బహిరంగత పరిమాణంతో కొలిస్తే ఇంతకంటే బహిరంగమైన వ్యవస్థ ఊహించడం కష్టం. దేశంలో ప్రతి పనిదినానికీ ఎండలో నిలబడిన కూలీల గుంపుల చిత్రాలు లక్షల సంఖ్యలో చేరాయి.

2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ రాష్ట్రాలకు పంపిన లేఖ ఈ వ్యవస్థలో జరుగుతున్న దుర్వినియోగాలను ఏకరువు పెట్టింది. పనితో సంబంధం లేని చిత్రాలు పెడుతున్నారు. ఫొటోను చూపి దానికే మరో ఫొటో తీస్తున్నారు. మస్టర్‌లోని సంఖ్యకూ చిత్రంలోని మనుషుల సంఖ్యకూ పొంతన లేదు. మధ్యాహ్నపు ఫొటో లేనే లేదు. దీనికి విరుగుడుగా పంచాయతీ స్థాయిలో ఫొటోలన్నింటినీ సిబ్బందే పరిశీలించాలని ఆ లేఖ ఆదేశించింది.

ఆ చిత్రాలన్నీ అప్పటికే అందరికీ తెరిచి ఉన్నాయి. అయినా వాటిని చూడమని మళ్లీ ఒక ఉద్యోగికే చెప్పవలసి వచ్చింది. ఫొటోలో నిలబడిన మనిషి ఆ ఫొటోను చూసే ఏర్పాటు ఎక్కడా లేకపోవడాన్ని లేఖ ప్రస్తావించదు. ఫొటో పడలేదని, యాప్ పనిచేయలేదని హాజరు పోయిన కూలీకి అక్కడ చెప్పుకునే గడి లేదు. పాత కాగితపు మస్టర్‌లో అన్ని గడులూ ప్రభుత్వానివే అయినా చివరి గడి ఒకటి కూలీది. అక్కడ సంతకమో వేలిముద్రో పడేది. దాన్ని దొంగవేలిముద్రలతో నింపిన సందర్భాలు సామాజిక తనిఖీల్లోనే బయటపడ్డాయి. ‘ఇది నా వేలిముద్ర కాదు’ అనడానికైనా అక్కడ ఒక వేలిముద్ర ఉండేది.

6. తనిఖీ తరువాత

సామాజిక తనిఖీని ఆదర్శంగా నిలబెట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆంధ్రప్రదేశ్ తనిఖీ నివేదికలనే ఆధారంగా తీసుకుని ఫర్జానా అఫ్రిదీ, వెగార్డ్ ఐవర్సెన్ చేసిన అధ్యయనం చేదునిజాలు చెప్పింది. తనిఖీలు అక్రమాలను కనిపెట్టడంలో సమర్థంగా పనిచేశాయి, కాని మొత్తం అక్రమాల సంఖ్యను తగ్గించలేకపోయాయి. కూలీల మస్టర్లకు సంబంధించిన మోసంలో పోయే సొమ్ము కొంత తగ్గితే, సులభంగా పట్టుబడని సామగ్రి బిల్లుల మోసం పెరిగింది. సిమెంటు బస్తాల గురించి గడపలో అడగడానికి ఎవరి గడప ఉంది? పోయినట్టు తేలిన సొమ్ములో అత్యధిక భాగం వసూలు కాలేదు. బాధ్యులుగా తేలినవారిని ఉద్యోగం నుంచి తొలగించడం గాని, వారిపై క్రిమినల్ చర్య తీసుకోవడం గాని నూటికి ఒక్క ఉదంతంలో కూడా జరగలేదు.

దీనిని బట్టి జనం ముందు చదవడం వల్ల ప్రయోజనం లేదని కొందరు వాదిస్తారు. ఈ అధ్యయనం చెప్పేది అది కాదని నేను అనుకుంటాను. ప్రజావేదికలో కూలీ చెప్పిన మాటను విన్నవారు ఆ తరువాత చేయవలసిన పని చేయలేదు. లోపం వినికిడిలో ఉంది. తప్పుచేసిన ఉద్యోగిపై చర్య తీసుకునే అధికారం తనిఖీ సంస్థకు లేదు. అది నివేదిక రాస్తుంది, శాఖ నిర్ణయిస్తుంది. ముందు చెప్పిన పరిమితి ఇదే. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్‌ను సంప్రదించి కేంద్రం 2011లో చేసిన తనిఖీ నియమాలు, పథకాన్ని అమలుచేసే యంత్రాంగం నుంచి తనిఖీ విభాగాన్ని వేరుగా ఉంచాలన్నాయి. డబ్బు, పదవి, బదిలీ ఎవరి చేతిలో ఉన్నాయన్నదాన్ని ఆ నియమాలు పూర్తిగా తేల్చలేదు.

వెబ్‌సైటులో తనిఖీ నివేదికలు కూడా ఉన్నాయి, వేరే విభాగంలో. మస్టర్ చూసేవారికి ఆ మస్టర్‌పై ఊళ్లో ఎవరైనా అభ్యంతరం చెప్పారో లేదో అక్కడ కనపడదు. తనిఖీ నివేదిక చూసేవారు ఆ మస్టర్‌ను మళ్లీ వెతుక్కోవాలి. మొత్తం ఖర్చుల పట్టికల్లో తప్పని తేలిన చెల్లింపు సరైన చెల్లింపుతో పాటే కూడికలోకి వెళ్తుంది. ఏటా ఆ పట్టికలనుంచే పనిదినాల మొత్తం, సగటు, మహిళల శాతం తీసి మన విశ్వవిద్యాలయాల్లో సిద్ధాంతగ్రంథాలు రాస్తున్నారు. వాటిలో ఎన్ని పనిదినాలను వాటిలో పేరున్నవారే కాదన్నారో చెప్పే ఒక్క నిలువు వరుస చేర్చడానికి కొత్త చట్టం అక్కరలేదు, కొత్త యాప్ కూడా అక్కరలేదు. మస్టర్ సంఖ్య రెండుచోట్లా ఒకటే.